పక్షం లేని న్యాయం: బెనగళ్ నర్సింగరావు గారి జీవితం

తగవు తీర్చడం లోకంలో చాలా కష్టమైన పని. ఇద్దరు అన్నదమ్ముల మధ్య పొలం గట్టు దగ్గర పేచీ వస్తే ఊరి పెద్దలు రచ్చబండ మీద కూర్చుంటారు. రెండు రాష్ట్రాల మధ్య నదీజలాల పేచీ వస్తే ట్రిబ్యునలు కూర్చుంటుంది. మరి రెండు దేశాల మధ్య పేచీ వస్తే ఎవరు కూర్చోవాలి? ఎవరి మాట ఎవరు వినాలి? రెండు ప్రపంచ యుద్ధాలలో కోట్లాది ప్రాణాలు పోయిన తరువాత మానవజాతి ఈ ప్రశ్నకు వెతుక్కున్న సమాధానాలలో ఒకటి అంతర్జాతీయ న్యాయస్థానం.

నెదర్లాండ్స్ దేశంలోని హేగ్ నగరంలో శాంతి సౌధమనే భవనం ఉన్నది. 1913లో ప్రారంభమైన ఆ సౌధంలో 1946 నుండి ఐక్యరాజ్య సమితికి చెందిన ఈ న్యాయస్థానం పనిచేస్తున్నది. ఇందులో న్యాయమూర్తులు 15 మంది. ఒక్కొక్కరి పదవీకాలం 9 సంవత్సరాలు. ఒకే దేశానికి చెందినవారు ఇద్దరు ఉండరాదు. సర్వప్రతినిధి సభలోను, భద్రతా మండలిలోను విడివిడిగా జరిగే ఎన్నికలలో రెండు చోట్లా ఆధిక్యం పొందిన వారికే ఆ పీఠం దక్కుతుంది. అక్కడ కూర్చున్నవారు తమ దేశానికి ప్రతినిధులు కారు, న్యాయానికి మాత్రమే ప్రతినిధులు. ఆ పీఠాన్ని అధిష్ఠించిన మొట్టమొదటి భారతీయ న్యాయమూర్తి సర్ బెనగళ్ నర్సింగరావు గారు. ఆయన మనం నివసిస్తున్న ఈ కర్ణాటక రాష్ట్రపు బిడ్డ.

మన పాఠశాల వయస్సుకూ, మన రాజ్యాంగం వయస్సుకూ పెద్ద తేడా లేదు. ఈ ప్లాటినం జూబిలీ సంచికలో ఆ రాజ్యాంగానికి తొలి చిత్తుప్రతి వ్రాసిన మహనీయుని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం సముచితమని భావిస్తున్నాను.

నర్సింగరావు గారు 1887 ఫిబ్రవరి 26న మంగళూరులో కొంకణి మాతృభాషగా గల సారస్వత కుటుంబంలో జన్మించారు. తండ్రి రాఘవేంద్రరావు గారు వైద్యులు. ఆనాడు మంగళూరు మద్రాసు రాజధానిలో భాగం. మన నెల్లూరు, గుంటూరు, విశాఖపట్నం కూడా అదే రాజధానిలో ఉండేవి. మంగళూరులోని కెనరా హైస్కూలులో చదివి, మెట్రిక్యులేషన్ పరీక్షలో యావత్ మద్రాసు రాజధానికి ప్రథములుగా నిలిచారు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల విద్యార్థులందరూ వ్రాసిన పరీక్ష అది. 1905లో ఇంగ్లీషు, భౌతికశాస్త్రం, సంస్కృతం మూడింటిలోనూ ప్రథమ శ్రేణిలో పట్టభద్రులైనారు. ఆపైన కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు వెళ్లి, 1910లో ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి బెంగాలులో ఉద్యోగం ప్రారంభించారు.

ఆయన సోదరులు కూడా సామాన్యులు కారు. బెనగళ్ రామారావు గారు 1949 నుండి 1957 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నారు. శివరావు గారు పేరొందిన పాత్రికేయులు, రాజ్యాంగ సభ సభ్యులు. ఒక చిన్న పట్టణపు వైద్యుని ఇల్లు దేశానికి ఇంతమందిని ఇచ్చిందంటే, ఆ ఇంటిలో చదువుకు దక్కిన గౌరవమే అందుకు కారణమై ఉండాలి.

జిల్లా పరిపాలనలో ఆరంభమైన ఆయన ఉద్యోగ జీవితం క్రమంగా చట్టాల రచన వైపు మళ్లింది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం వచ్చినప్పుడు, అంతకు ముందున్న శాసనాలనన్నిటినీ దానికి అనుగుణంగా సవరించే బృహత్కార్యంలో ప్రధానపాత్ర వహించారు. 1938లో సర్ బిరుదు లభించింది. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. 1944, 1945 సంవత్సరాలలో జమ్ము కాశ్మీరు సంస్థానానికి ప్రధానమంత్రిగా ఉండి, మహారాజుతో అభిప్రాయ భేదాలు రాగా పదవిని వదలుకొన్నారు.

ఈ కాలంలో ఆయన చేసిన రెండు పనుల ఫలితం నేటికీ మన ఇళ్లకూ, పొలాలకూ అందుతున్నది.

మొదటిది నీటి తగవు. సింధు నదీజలాల విషయమై సింధు రాష్ట్రానికీ, పంజాబుకూ వివాదం రాగా, దానిని పరిశీలించడానికి 1941లో ఆయన అధ్యక్షతన ఒక కమిషన్ ఏర్పడింది. 1942లో నివేదిక వెలువడింది. ఎగువన ఉన్నాము గనుక నీరంతా మాదేనని ఒకరూ, ముందునుంచి వాడుకొంటున్నాము గనుక చుక్క తగ్గినా ఒప్పుకోమని మరొకరూ పట్టుపట్టడం న్యాయం కాదనీ, నది పారే రాష్ట్రాలన్నిటి అవసరాలనూ తూచి న్యాయంగా పంచుకోవాలనీ ఆ కమిషన్ తేల్చింది. తరువాతి కాలంలో కృష్ణా జలాలను మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునలు పని కూడా ఈ న్యాయమైన పంపకమనే సూత్రం మీదనే సాగింది. కన్నడ నేలపై నివసించే తెలుగువారమైన మనకు ఈ సూత్రం విలువ వేరుగా చెప్పవలసిన పని లేదు.

రెండవది ఆడపిల్లల హక్కు. హిందూ ధర్మశాస్త్ర సంస్కరణకై 1941లో ఏర్పడి, 1944లో పునర్నియమితమైన సంఘానికి నర్సింగరావు గారే అధ్యక్షులు. తండ్రి ఆస్తిలో కుమార్తెకు భాగం ఉండాలని ఆ సంఘం ప్రతిపాదించినప్పుడు దేశమంతటా తీవ్రమైన నిరసన వచ్చింది. సంఘం మద్రాసు, లాహోరు వంటి నగరాలకు స్వయంగా వెళ్లి అనుకూలురనూ, ప్రతికూలురనూ విచారించింది. ఆ ప్రతిపాదనలే మార్పులు చెంది 1955, 1956 సంవత్సరాలలో హిందూ వివాహ, వారసత్వ చట్టాలుగా రూపొందాయి. పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి జన్మహక్కు ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుండి, కర్ణాటకలో 1994 నుండి, దేశమంతటా 2005 నుండి అమలులోకి వచ్చింది. ఈనాడు మన పాఠశాలలో చదివే ప్రతి ఆడపిల్లా ఆ పెద్దమనిషికి కొంత ఋణపడి ఉన్నదని నా నమ్మకం.

1946లో రాజ్యాంగ సభకు సలహాదారుగా నియమితులై, ఆయన ఆ బాధ్యతను జీతం తీసుకోకుండా గౌరవ హోదాలోనే నిర్వహించారు. వివిధ దేశాల రాజ్యాంగాలను క్షుణ్ణంగా పరిశీలించి, 243 అధికరణాలు, 13 షెడ్యూళ్లతో 1947 అక్టోబరు నాటికి తొలి చిత్తుప్రతిని సిద్ధం చేశారు. డాక్టర్ అంబేద్కర్ గారి అధ్యక్షతన ముసాయిదా సంఘం దానిని ఆధారంగా గ్రహించి, పెంచి, మార్చి, సభలో వాదించి నిలబెట్టింది. చివరకు 395 అధికరణాల రాజ్యాంగం అవతరించింది. తమకు దక్కిన ప్రశంసలో కొంత భాగం నర్సింగరావు గారికి చెందుతుందని అంబేద్కర్ గారు 1949 నవంబరు 25న సభాముఖంగా తెలియజేశారు. ఇచ్చినవారిదీ, అందుకొన్నవారిదీ కూడా గొప్ప మనస్సే. పొరుగుదేశమైన బర్మా రాజ్యాంగ రచనకు సైతం ఆయన సహాయపడ్డారు.

మహనీయుల జీవితాలను వ్రాసేటప్పుడు వారి ప్రతి నిర్ణయమూ సరియైనదే అనడం మన అలవాటు. అది పిల్లలకు మేలు చేయదు. చిత్తుప్రతి తయారైన తరువాత నర్సింగరావు గారు అమెరికా, కెనడా, ఐర్లండు, బ్రిటన్ దేశాలలో పర్యటించారు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టరుతో జరిపిన చర్చ ఆయనపై ప్రభావం చూపింది. పౌరుని ప్రాణానికీ, స్వేచ్ఛకూ సముచిత న్యాయ ప్రక్రియ అనే విశాలమైన రక్షణ ఇస్తే, ప్రజలెన్నుకొన్న శాసనసభల చట్టాలను న్యాయస్థానాలు అడ్డుకొంటాయని ఆయన సందేహించారు. చివరకు 21వ అధికరణంలో చట్టం నిర్దేశించిన పద్ధతి అనే పరిమితమైన మాట చేరింది. దాని ఫలితంగా 1950లో గోపాలన్ కేసులో నిర్బంధితునికి ఆ రక్షణ దొరకలేదు. ఆ పద్ధతి న్యాయమైనదిగా, సహేతుకమైనదిగా ఉండి తీరాలని 1978లో మేనకాగాంధీ కేసులో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చింది. ఎంతటి మేధావి వ్రాసిన వాక్యాన్నైనా తరువాతి తరం మరల చదివి సరిచూసుకోవలసినదే.

1949లో ఐక్యరాజ్య సమితిలో భారత ప్రతినిధిగా వెళ్లడంతో ఆయన జీవితంలో దౌత్యాధ్యాయం మొదలైంది. 1950లో భారతదేశం భద్రతా మండలి సభ్యత్వం స్వీకరించింది. వంతుల ప్రకారం జూన్ నెలలో మండలి అధ్యక్షత ఆయనకు వచ్చింది. అదే నెల 25న కొరియా యుద్ధం విరుచుకుపడింది. ఆ రోజున జరిగిన అత్యవసర సమావేశానికి అధ్యక్షులు నర్సింగరావు గారే. ఉత్తర కొరియా సేనలు వెనుకకు మరలాలన్న తీర్మానాన్ని భారతదేశం బలపరిచింది. రెండు రోజుల తరువాత సైనిక సహాయాన్ని గూర్చిన తీర్మానం వచ్చినప్పుడు, ప్రభుత్వ ఆదేశాలు అందనందున ఆయన ఓటింగులో పాల్గొనలేదు. ప్రభుత్వం ఆ తీర్మానాన్ని పిమ్మట ఆమోదించింది. అధ్యక్షపీఠం మీద ఉన్నా, తన దేశం మాట తెలియకుండా తన మాటగా ఓటు వేయకపోవడం దౌత్యవేత్త ధర్మం.

ఆ డిసెంబరులో కాల్పుల విరమణకు మార్గం వెదకడానికి ముగ్గురు పెద్దలతో ఒక బృందం ఏర్పడింది. ఇరాన్ ప్రతినిధి ఎంతెజామ్, కెనడా ప్రతినిధి పియర్సన్, మన నర్సింగరావు గారు అందులో సభ్యులు. చైనా సమ్మతించనందువల్ల ఆ ప్రయత్నం ఫలించలేదు. యుద్ధ విరమణ 1953 జూలై 27న గాని కుదరలేదు. ఫలించని ప్రయత్నం వ్యర్థమని అనుకోరాదు. మాట్లాడుకొనే దారిని ఎవరో ఒకరు మూయకుండా ఉంచబట్టే చివరకు తుపాకులు ఆగుతాయి.

1952 ఫిబ్రవరిలో ఆయన హేగ్ న్యాయపీఠంపై ఆసీనులైనారు. అక్కడ ధర్మం మారిపోయింది. నిన్నటిదాకా స్వదేశం ఆదేశం కోసం ఎదురుచూసిన వ్యక్తి, నేడు ఏ దేశపు ఆదేశమూ వినరాదు. ఈ మార్పును ఆయన ఎంత నిష్ఠగా స్వీకరించారో ఒక కేసు తెలియజేస్తుంది. మొరాకోలో అమెరికా పౌరులకున్న ప్రత్యేక హక్కుల విషయమై ఫ్రాన్సుకూ, అమెరికాకూ వివాదం నడిచింది. మొరాకో గడ్డపై అమెరికా కాన్సులు తమ పౌరుల కేసులను ఎంతవరకు విచారించవచ్చునన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. 1952 ఆగస్టు 27న వెలువడిన తీర్పులో అధిక సంఖ్యాకులు ఆ అధికారాన్ని పరిమితం చేశారు. నర్సింగరావు గారు మరి ముగ్గురు న్యాయమూర్తులతో కలిసి భిన్నాభిప్రాయం వ్రాసి, అమెరికాకు అంతకంటె విస్తృతమైన హక్కే ఉన్నదన్నారు. పరాయి పాలన నుండి అప్పుడే బయటపడిన దేశపు బిడ్డకు అటువంటి పాత హక్కులు రుచించేవి కావు. అయినా ఒప్పందాలనూ, దీర్ఘకాలపు ఆచారాన్నీ చదివి తనకు తోచిన అర్థాన్నే వ్రాశారు. ఆ అభిప్రాయంతో మనం ఏకీభవించనవసరం లేదు. ఇష్టాయిష్టాలను పక్కకు పెట్టిన నిగ్రహాన్ని మాత్రం గౌరవించక తప్పదు.

9 సంవత్సరాల పదవిలో 2 సంవత్సరాలైనా నిండకముందే ఆరోగ్యం క్షీణించి, 1953 నవంబరు 30న స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో, 66 సంవత్సరాల వయస్సులో ఆయన కన్నుమూశారు. ఆ ఖాళీ స్థానానికి 1954లో ఎన్నికైనవారు పాకిస్తాన్‌కు చెందిన జఫ్రుల్లా ఖాన్ గారు. కాశ్మీరు విషయమై భద్రతా మండలిలో మనకు ఎదురుగా నిలిచి వాదించిన న్యాయకోవిదులాయన. ఆ కుర్చీ ఏ దేశానికీ సొంతం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. తరువాత నాగేంద్రసింగ్ గారు ఆ న్యాయస్థానానికి అధ్యక్షులు కూడా అయినారు. తెలుగువారైన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు జర్మనీలోని హాంబర్గ్‌లో అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునలులో 1996 నుండి న్యాయమూర్తిగా, 1999 నుండి 2002 వరకు అధ్యక్షులుగా పనిచేశారు. మన తపాలా శాఖ 1988లో నర్సింగరావు గారి స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

మన బొమ్మసంద్ర తెలుగు, కన్నడం, తమిళం కలిసే చోటు. పొరుగూరు హోసూరు వేరే రాష్ట్రంలో ఉన్నది. బతుకుతెరువుకై కర్మాగారాలకు వచ్చిన కుటుంబాల పిల్లలు మన తరగతులలో పక్కపక్కనే కూర్చుంటారు. ఆటస్థలంలో వారికి పేచీలు రాకుండా ఉండవు. అప్పుడు తన స్నేహితుడిదే తప్పని తెలిసి, ఆ మాట పైకి చెప్పగలిగిన పిల్లవాడు ఒక్కడున్నా ఆ తరగతి బాగుపడుతుంది. తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మన పిల్లలను మార్కులతో పాటు ఈ గుణంలోనూ పెరగనిద్దాం. వారిలో ఎవరు ఏ పీఠం ఎక్కుతారో ఈనాడు చెప్పలేము. ఎదుటివారి మాట పూర్తిగా విన్న తరువాతనే తన మాట చెప్పడం మాత్రం ఈ పాఠశాలలోనే నేర్పగలము.