గ్రంథాలయోద్యమ మార్గదర్శి కొమర్రాజు వేంకట లక్ష్మణరావు

సికింద్రాబాద్: నిజాం రాష్ట్రంలో తెలుగు పుస్తకం చదవదలచినవారికి అది ఎక్కడ లభిస్తుందో చెప్పేవారే లేని కాలంలో, పుస్తకానికీ పాఠకునికీ మధ్య దారి ఏర్పరచిన మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. హైదరాబాదులో 1901లో ఆయన ప్రముఖ పాత్ర వహించి నెలకొల్పిన భాషా నిలయం, ఆ స్ఫూర్తితో 1905లో సికింద్రాబాదులో వెలసిన ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం తెలంగాణలో గ్రంథాలయోద్యమానికి పునాదులుగా నిలిచాయి.

లక్ష్మణరావు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రి వెంకటప్పయ్య మరణించారు. బాల్యంలో కొంతకాలం భువనగిరిలో చదివి, తరువాత అక్క భండారు అచ్చమాంబ, బావ మాధవరావుల వద్ద నాగపూరు ప్రాంతంలో విద్యాభ్యాసం సాగించి ఎం.ఏ. పట్టభద్రులైనారు. మరాఠీలో వ్యాసాలు రాయగల ప్రావీణ్యం అక్కడే అలవడింది. పాఠశాల ముఖం చూడని అచ్చమాంబ, తమ్ముడు చదువుకుంటూ ఉండగా అతని సాయంతోనే చదవడం, రాయడం నేర్చుకున్నారు. దేశంలోని స్త్రీల చరిత్రలను సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాలను వెలువరించిన ఆమె 1905లో అకాల మరణం చెందారు. పుస్తకం అందుబాటులో ఉంటే బడికి వెళ్లలేనివారు సైతం ఎంతదూరం వెళ్లగలరో లక్ష్మణరావు మొదట చూచినది తన ఇంటిలోనే.

చదువు ముగించిన పిదప ఆయన మునగాల సంస్థానాధీశుడు రాజా నాయని వేంకట రంగారావు వద్ద దివానుగా చేరారు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, అది మాత్రం మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందినది. ఈ విచిత్ర స్థితి వల్ల లక్ష్మణరావుకు రెండు ప్రభుత్వాల తెలుగువారితోనూ నిత్య సంబంధం ఏర్పడింది. ఒకవైపు కోస్తా జిల్లాల్లో తెలుగు ముద్రణాలయాలు, పత్రికలు విరివిగా సాగుతుండగా, మరోవైపు 1884 నుంచి ఉర్దూ పాలనా భాషగా ఉన్న హైదరాబాదు రాష్ట్రంలో తెలుగుకు అధికారిక ఆదరణ కొరవడింది. జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారే అయినప్పటికీ రాజధాని నగరంలో వారి భాషా గ్రంథాలకు ఒక నిలయం లేదు. 1890 దశకం ఆరంభంలో ఏర్పడిన ఆసఫియా గ్రంథాలయంలో అరబ్బీ, పారశీక, ఉర్దూ గ్రంథాలదే ప్రాధాన్యం.

ఈ లోటును తీర్చేందుకు 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గృహంలో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ప్రారంభమైంది. మునగాల రాజా, రావిచెట్టు, కొమర్రాజు దీనికి మూలపురుషులు. ముగ్గురిలో ఒకరు ధనమిచ్చారు, ఒకరు ఇల్లిచ్చారు, లక్ష్మణరావు ఆలోచన ఇచ్చారని చెప్పుకోవడం కద్దు. పని జరిగిన తీరు చూస్తే ఈ విభజన అంత ఖచ్చితమైనదేమీ కాదు. రంగారావు మరణానంతరం ఆయన సతీమణి లక్ష్మీనరసమ్మ గ్రంథాలయానికి విరాళమిచ్చి ఆదుకున్నారు. 1921లో సుల్తాన్ బజారులో దీనికి సొంత భవనం సమకూరింది.

హైదరాబాదు తరువాత 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం ఏర్పడ్డాయి. సికింద్రాబాదు పరిస్థితి ఈ సందర్భంలో గమనించదగినది. ఈ పట్టణం అప్పట్లో బ్రిటిష్ కంటోన్మెంటు పాలనలో ఉండేది. 1889లో బెజవాడ వరకు రైలుమార్గం పూర్తి కావడంతో కోస్తా నుంచి వచ్చే ఉద్యోగులకు, వర్తకులకు, వారితోపాటు పత్రికలకు, పుస్తకాలకు ఇదే ముఖద్వారమైంది. దిగిన సరుకు పుస్తకమైనప్పుడు దానిని భద్రపరచి అడిగినవారికి అందించే చోటు ఒకటి కావాలి. ఆ అవసరాన్ని ఆంధ్ర సంవర్ధనీ తీర్చింది. 1921లో ఆంధ్ర జనసంఘం ఏర్పడి గ్రంథాలయ స్థాపనను తన కార్యక్రమంలో చేర్చుకునే నాటికి, ఈ మూడు సంస్థల అనుభవం కార్యకర్తల ముందు సిద్ధంగా ఉంది.

అలమారలు సమకూరిన తరువాత మరో సమస్య ఎదురైంది. కావ్యాలు, పురాణాలు, శతకాలు కోరిన పాఠకునికి ఇబ్బంది లేదు. రసాయన శాస్త్రమో, ఆర్థిక విషయమో, తన జాతి చరిత్రయో తెలుసుకోగోరినవారికి చూపడానికి తెలుగులో గ్రంథాలే అరుదు. ఎంత చక్కని పట్టిక రాసినా లేని పుస్తకాన్ని పాఠకుడు వెదకి పట్టలేడు. ఇందుకు సమాధానంగా 1906లో లక్ష్మణరావు తన మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్రతో ప్రచురణలు మొదలయ్యాయి. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము, పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం వంటి విషయాలపై గ్రంథాలు, లక్ష్మణరావు స్వయంగా రాసిన హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము ఈ మండలి ద్వారా వెలువడ్డాయి. 1908లో మండలి కార్యస్థానం మద్రాసుకు మారింది. శాశ్వత చందాదారుల పద్ధతి వల్ల పుస్తకాలు దూర గ్రామాలకు సైతం చేరాయి.

అయితే ఒక చిన్న సందేహం తీర్చుకోవడానికి ఒక గ్రంథమంతా చదివే తీరిక అందరికీ ఉండదు. విషయం పేరు తెలిస్తే చాలు, పుట తెరచి చూచుకునే వీలు ఉండాలి. ఈ దృష్టితో లక్ష్మణరావు తన జీవితంలో అతి పెద్ద కార్యమైన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. ఆంగ్ల విజ్ఞాన సర్వస్వాల మాదిరిగా విషయాలను అకారాది క్రమంలో అమర్చారు. నిఘంటువు చూడడం తెలిసిన ప్రతివారూ దీనిని ఉపయోగించుకోగలరు. మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటి విద్వాంసులు ఆయనకు సహకరించారు. అనేక వ్యాసాలను ఆయనే రాశారు. 1915-17 మధ్య మూడు బృహత్ సంపుటాలు ప్రచురితమయ్యాయి.

ఎంచుకున్న క్రమమే ఈ కృషికి అవరోధం కూడా అయింది. మూడు సంపుటాలు పూర్తయినా విషయాలు అకారం దాటలేదు. అశోకుని గురించి అడిగిన పాఠకుడు సంతృప్తితో వెళ్లగలడు. కాకతీయుల గురించి అడిగినవాడు ఎన్నేళ్లు వేచి ఉండాలో ఎవరికీ తెలియదు. విషయాన్ని కుదించి త్వరగా ముగించడం కన్నా ఉన్నంతవరకు లోతుగా రాయడానికే లక్ష్మణరావు మొగ్గు చూపారు. విద్వత్తు దృష్ట్యా ఇది మెచ్చదగిన నిర్ణయమే, కానీ పాఠకుని దృష్ట్యా దీనికి చెల్లించిన మూల్యం తక్కువ కాదు. ఆర్థిక భారం, అనారోగ్యం ఆయనను కుంగదీశాయి. 1923 జూలైలో మద్రాసులో, 46 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఆయన వ్యాసాల సంకలనం లక్ష్మణరాయ వ్యాసావళి పేరుతో వెలువడింది.

సర్వస్వాన్ని 1930 దశకంలో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు తిరిగి చేపట్టారు. 1938లో ఆయన మరణించారు. అక్షరమాల చివరిదాకా ఆ ప్రయత్నమూ చేరలేదు. తరువాత వచ్చినవారు పాఠాన్ని గ్రహించారు. మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి అకారాది క్రమాన్ని విడిచి, చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలు మొదలైన విషయాలవారీగా సంపుటాలు తెచ్చింది. ఏ సంపుటానికి ఆ సంపుటం స్వయం సమగ్రం కావడం వల్ల, మిగిలినవి ఆలస్యమైనా పాఠకుని పని ఆగలేదు. హైదరాబాదు నుంచి వెలువడిన సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశము అకారాది క్రమాన్నే నిలుపుకొని, వ్యాసాలను సంగ్రహంగా ఉంచి ఎనిమిది సంపుటాలలో పని ముగించింది.

గ్రంథాలయాల బాధ్యతను ప్రభుత్వం స్వీకరించడానికి మరికొంత కాలం పట్టింది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో, ఆంధ్రప్రదేశ్‌లో 1960లో పౌర గ్రంథాలయాల చట్టాలు వచ్చాయి. లక్ష్మణరావు కుమార్తె, వైద్యురాలు కొమర్రాజు అచ్చమాంబ 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలోని విజ్ఞాన సర్వస్వ కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో విశేషంగా కృషి చేసినవారికి తరువాతి కాలంలో నెలకొల్పిన పురస్కారం కూడా కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పేరు మీదనే ఉంది.