అన్న కావేరిలో పడేసిన రాముడు: త్యాగయ్య ఇంటి కథ

మాది గిద్దలూరు వైపు. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల అని మీకు తెలుసు కదా. ఆ కాకర్ల మా కంభం దగ్గర, అర్ధవీడు మండలంలోని ఊరే! వాళ్ల పెద్దలు ఇక్కణ్ణుంచే తమిళదేశం వెళ్లారని చెబుతారు. స్వామి 1767లో తిరువారూరులో పుట్టి, తిరువైయారులో పెరిగారు.

అన్న జపేశుడికి తమ్ముడి మీద ఒకటే కోపం. ఇంత విద్య ఉండి సంపాదించడేంటి? తండ్రి పోయాక ఇల్లు పంచుకున్నారు. పూజలోని రామవిగ్రహాలు త్యాగయ్య వాటాకి వచ్చాయి. తంజావూరు రాజు శరభోజి పిలిపిస్తే ఆయన కానుకలు వద్దన్నారు. ధనం కన్నా రాముడి సన్నిధే మేలనే కల్యాణి రాగ కీర్తన అప్పటిదేనంటారు. అన్నకి ఒళ్లు మండింది. విగ్రహాలు తీసుకెళ్లి కావేరిలో పడేశాడట!

త్యాగయ్య ఏడ్చారు, పాడారు, క్షేత్రాలు తిరిగారు. చివరికి స్వామి కావేరిలోనే దొరికాడు. తర్వాత అన్న మనసు మారిందని, తమ్ముడు పాత లెక్కలు తియ్యకుండా దగ్గరికి తీసుకున్నాడని పెద్దలు చెబుతారు. 1847లో స్వామి తిరువైయారులోనే సిద్ధి పొందారు.

నాకూ ఓ చెల్లి ఉంది. చిన్నప్పుడు మార్కుల దగ్గర్నుంచి టీవీ రిమోట్ దాకా అన్నిటికీ పోటీయే. అందుకేనేమో, జపేశుడు నాకు దుర్మార్గుడిలా అనిపించడు. తమ్ముడు తనలాగే బతకాలనుకున్నాడు, అంతే. మన ఇళ్లల్లో గొడవలూ అక్కడే మొదలవుతాయి. చెల్లి దారి వేరని ఒప్పుకున్నాకే మేమిద్దరం దగ్గరయ్యాం.

మీ తోబుట్టువుతో మాట్లాడి చాన్నాళ్లయితే, ఇవాళే ఓ ఫోన్ చెయ్యండి. జై శ్రీరామ్!