దీపం ఉన్నా చీకటే... చిలకమర్తి జీవితం చెప్పే కంటి పాఠం

ఇంట్లో వెలుతురు చాలడం లేదనిపిస్తే ఎక్కువ వాట్ల బల్బు తెచ్చి పెడతాం. లోపం బల్బులో ఉంటే సమస్య తీరుతుంది. మరి కంటిలో ఉంటే? గోదావరి గడ్డ మీద పుట్టి, చూపు కరవైనా తెలుగువారిని కడుపుబ్బ నవ్వించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం జీవితంలో ఈ ప్రశ్నకు జవాబు ఉంది.

బోర్డు కనిపించని బాల్యం

చిలకమర్తి 1867 సెప్టెంబరు 26న ఖండవల్లిలో, అమ్మమ్మగారింట పుట్టారు. సొంతూరు వీరవాసరం. అక్కడ, నరసాపురంలో, ఆ తర్వాత రాజమహేంద్రవరంలో చదువుకున్నారు. చిన్నప్పటి నుంచే ఆయన చూపు అంతంతమాత్రం. పగలు కూడా బడిలో నల్లబల్ల మీద అక్షరాలు ఆనేవి కావు. దానికి తోడు రేచీకటి.

అప్పట్లో ఇళ్లలో ఉన్నవి ఆముదం ప్రమిదలు, తర్వాత కిరసనాయిలు బుడ్లు. ఎడిసన్ కరెంటు బల్బును వెలిగించి చూపిన 1879 నాటికి చిలకమర్తికి 12 ఏళ్లు. అది డెల్టా ఇళ్లకు చేరడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. ఒక కొవ్వొత్తి ఇచ్చే కాంతి సుమారు 12 ల్యూమెన్లు. నేటి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది 800 నుంచి 900 ల్యూమెన్లు. ప్రమిద వెలుగులో మామూలు కళ్లవారే చదవడానికి అవస్థ పడేవారు. రేచీకటి ఉన్న పిల్లాడి సంగతి చెప్పేదేముంది?

తోటివారు పాఠం చదివి వినిపిస్తే ఆయన మనసుకెక్కించుకునేవారు. విన్నది మరచిపోని జ్ఞాపకశక్తే ఆయనకు పుస్తకమైంది. అలాగే 1889లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, రాజమహేంద్రవరంలోనే ఉపాధ్యాయుడయ్యారు.

చూపు తగ్గింది, రచన ఆగలేదు

ఇమ్మానేని హనుమంతరావు నాయుడి నాటక సమాజం కోసం ఆయన నాటకాలు రాశారు. గయోపాఖ్యానం లక్ష ప్రతులకు పైగా అమ్ముడైంది. టంగుటూరి ప్రకాశం యువకుడిగా ఉన్నప్పుడు ఆ నాటకంలో వేషం కట్టారు. 1894లో రామచంద్ర విజయం నవలకు చింతామణి పత్రిక బహుమతి వచ్చింది. గణపతి నవలైతే నేటికీ నవ్విస్తూనే ఉంది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసాలను తెలుగులో చెప్పింది చిలకమర్తే. 1909లో దళిత పిల్లల కోసం బడి పెట్టారు.

ఈలోగా ఉన్న కాస్త చూపూ క్రమంగా పోయింది. ఆయన చెబుతుంటే పక్కవారు రాసేవారు. చూపు పోయాక కావ్యం చెప్పి రాయించిన ఆంగ్లకవి మిల్టన్‌తో పోల్చి, జనం ఆయన్ని ఆంధ్రా మిల్టన్ అన్నారు. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో గౌరవించింది. 1946 జూన్ 17న కన్నుమూశారు.

వాట్లు వేరు, వెలుగు వేరు

వాట్లు చెప్పేది బల్బు ఎంత కరెంటు తీసుకుంటుందన్నదే. ఎంత కాంతి ఇస్తుందో చెప్పేవి ల్యూమెన్లు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే కాంతిని 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తోంది. అందుకే కొనేటప్పుడు డబ్బా మీద ల్యూమెన్లు చూడండి.

కాంతి రెట్టింపయితే కంటికి వెలుగు రెట్టింపుగా తోచదు, కొద్దిగా పెరిగినట్టే ఉంటుంది. రెట్టింపు అనిపించాలంటే దాదాపు 8 రెట్లు కాంతి కావాలి. అదే దీపాన్ని సగం దూరానికి తెస్తే, పుస్తకం మీద నేరుగా పడే కాంతి 4 రెట్లవుతుంది. గదికి పెద్ద బల్బు కంటే చదివే చోట చిన్న టేబుల్ ల్యాంపు మేలు.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. 20 ఏళ్ల కంటితో పోలిస్తే 60 ఏళ్ల కంటిలో రెటీనాకు చేరే కాంతి సుమారు మూడో వంతే. శుక్లాలుంటే బల్బు సూటిగా కంట్లో పడటం ఇంకా ఇబ్బంది. నీడ పట్టే డోమ్ ఉన్న దీపం వాడాలి.

రేచీకటి ఎందుకొస్తుంది?

మసక వెలుతురులో చూడటానికి రెటీనాలోని దండ కణాలు పనిచేయాలి. వాటికి విటమిన్ ఎ అవసరం. అది లోపిస్తే వచ్చే రేచీకటిని వైద్యంతో నయం చేయవచ్చు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బులో ఆ కణాలే క్రమంగా దెబ్బతింటాయి. మేనరికపు పెళ్లిళ్లలో దీని ముప్పు ఎక్కువ. హ్రస్వదృష్టి బాగా ఎక్కువగా ఉన్నా, శుక్లాలున్నా చీకట్లో చూపు తగ్గుతుంది.

ఇవి గమనించండి

• పిల్లలు చీకటి పడ్డాక వస్తువులకు తగులుతున్నా, తడుముకుంటూ నడుస్తున్నా బల్బు మార్చి ఊరుకోకండి. కంటి వైద్యుడికి చూపించండి.
• బోర్డు కనిపించడం లేదంటే చదువు ఎగ్గొట్టే సాకు అనుకోకండి. కళ్లద్దాలతోనే సరిపోవచ్చు.
• 9 నెలల నుంచి 5 ఏళ్ల వరకు ఆరు నెలలకోసారి ప్రభుత్వం ఇచ్చే విటమిన్ ఎ మోతాదులు, మొత్తం 9, తప్పక వేయించండి. సొంతంగా మాత్రలు మాత్రం వద్దు. ఎక్కువైతే హాని.
• మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడి, గుమ్మడి, గుడ్లు, పాలు పిల్లల పళ్లెంలో ఉండేలా చూడండి.

చిలకమర్తికి అసాధారణమైన జ్ఞాపకశక్తి, చదివిపెట్టే మనుషులు తోడయ్యారు. ప్రతి పిల్లాడికీ ఆ రెండూ దొరకవు. కంటి పరీక్ష మాత్రం నేడు అందరికీ అందుబాటులో ఉంది.