పెరటి రైలు

చర్లపల్లి రైలుకూత చెంగిచెర్లలోని మా యింటికి వినవచ్చినప్పుడెల్ల నాకు వాల్ట్ డిస్నీ జ్ఞప్తికి వచ్చును. మిక్కీ మౌస్ సృష్టికర్తగా లోకమాతని నెరుగును. రైలుపిచ్చివానిగా నెరిగినవారు తక్కువ. 1917లో, పదునైదేండ్ల ప్రాయమున, ఆతడు రైళ్లలో పత్రికలు, మిఠాయిలు అమ్మెను. ఆ మోజు నడివయసున మరల తలయెత్తెను. తన స్టూడియో కర్మశాలలోనే లోహపుపని నేర్చి, 1950లో లాస్ ఏంజెలెస్‌లోని తన యింటి పెరట, అసలు రైలులో ఎనిమిదవవంతు కొలతగల ఆవిరిబండిని నడపెను. గార్డుపెట్టెను కొయ్యతో తానే చేసెను. భార్య లిలియన్ పేరు తలపించునట్లు ఇంజనుకు లిల్లీ బెల్ అని పేరిడెను. ఆమె పూలతోట చెడకుండ పట్టాలకు సొరంగము త్రవ్వించెను. (గృహస్థులకు ఈ జాగ్రత్త బోధపడును.) 1953లో బండి తిరగబడగా, ఆవిరి సోకి యొక చిన్నపిల్లకు కాలెను. నాటితో డిస్నీ పెరటి రైలును నిలిపివేసెను. 1955లో తెరచిన డిస్నీలాండు చుట్టును మాత్రము, మనుష్యులెక్కి తిరుగు పెద్ద ఆవిరిరైలునే వేయించెను. ఆతడు 1966లో గతించెను.