డాక్టర్ జెర్డాన్ - మన ముళ్ళపొదల అడవి

ఉదయగిరి దుర్గాన్ని చూడబోయినవారు కొండమీది మసీదులను, రంగనాయకుల గుడిని చూచి, కృష్ణదేవరాయలు గజపతుల నుండి ఈ కోటను గెలుచుకొన్న 1514వ సంవత్సరాన్ని ఒకసారి తలచుకొని దిగివస్తారు. కొండ క్రింద పరచుకొన్న ముళ్ళపొదలను ఎవరూ ప్రత్యేకించి చూడరు. ఆత్మకూరు మొదలుకొని వెలిగొండల పాదాల వరకు కలివి, రేగు, తుమ్మ పెరిగిన ఈ నేలకు కవులు పద్యాలు చెప్పలేదు. రాజులు శాసనాలు వేయించలేదు. అయినను ప్రపంచ పక్షిశాస్త్ర గ్రంథాలలో నెల్లూరు పేరు నిలిచినదంటే అది ఈ పొదల మూలముననే. నిలిపినవాడు ఒక వైద్యుడు. ఆయనే థామస్ కేవర్‌హిల్ జెర్డాన్.

ఈనాడు అడవి జంతువు గాయపడితే మత్తుమందు ఇచ్చి కట్టు కట్టే వైద్యులున్నారు. మద్రాసులో పశువైద్య కళాశాల 1903లోను, తిరుపతిలో 1955లోను వెలసినవి. జెర్డాన్ కాలానికి ఇవేవీ లేవు. కంపెనీవారి గుర్రపుదళాలలో గుర్రాలకు వేరే వైద్యుడుండేవాడు. ఏనుగు జబ్బు మావటికి తెలుసు, డేగ జబ్బు డేగలు పెంచేవారికి తెలుసు. అడవిలోని తక్కిన ప్రాణులను పట్టించుకొన్న వైద్యశాస్త్రం ఒక్కటీ లేదు. మనుషులకు మందిచ్చే డాక్టరే, శరీర నిర్మాణం నేర్చిన కారణాన, తీరిక సమయాలలో వాటి వంక చూచేవాడు. రోగం కుదర్చటానికి ముందు రోగి ఎవరో తెలియాలి గదా! ఏ ప్రాణి, ఎక్కడ ఉంటుంది, ఏమి తింటుంది, ఎప్పుడు గ్రుడ్లు పెడుతుంది అన్న ఆ మొదటి అధ్యాయాన్ని మన దేశంలో వ్రాసిన కొద్దిమందిలో జెర్డాన్ ముఖ్యుడని మా అభిప్రాయం.

ఆయన 1811 అక్టోబరు 12న ఇంగ్లండులో డర్హం సమీపాన జన్మించారు. కుటుంబం స్కాట్లండు సరిహద్దు సీమకు చెందినది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో మొదట సాహిత్య విద్యార్థిగా చేరి, ప్రకృతి శాస్త్రాచార్యుడు రాబర్ట్ జేమ్‌సన్ పాఠాలకు ఆకర్షితులై, తుదకు వైద్యం చదివారు. 1835లో ఈస్టిండియా కంపెనీ ఆయనను అసిస్టెంటు సర్జనుగా నియమించింది. 1836 ఫిబ్రవరిలో మద్రాసు రేవులో దిగారు.

తొలి ఉద్యోగం తెలుగువారికి అపరిచితం కాని గంజాం సీమలో. చలిజ్వరం, రక్తవిరేచనాలతో బాధపడే సిపాయిలకు చికిత్స చేయటం ఆయన పని. తూర్పు కనుమల పక్షులను ఆయన మొదట చూచినది అక్కడనే. మరుసటి సంవత్సరం రెండవ మద్రాసు అశ్వదళానికి బదిలీయై, తిరుచినాపల్లి నుండి ఆ దళంతోపాటు దక్కనులోని జాల్నాకు నడిచారు. ఆ రోజులలో సైన్యం నడిచేదే గాని రైలెక్కేది కాదు. పరిశీలకునికి అంతకు మించిన బడి లేదు.

ఈ కాలంలోనే ఆయనకు ఒక గట్టి దెబ్బ తగిలింది. తాను సేకరించిన పక్షుల చర్మాలను, పేర్లు సరిచూచి పంపమని, స్కాట్లండులోని సర్ విలియం జార్డిన్ అనే శాస్త్రవేత్తకు ఓడలో పంపారు. పెట్టె గమ్యం చేరేసరికి పురుగులు తిని సర్వం పాడైపోయినవి. ఏండ్ల శ్రమ పొట్టుగా మారినది. మరొకరైతే మానుకొనేవారు. ఆయన ఇతరుల తీర్పు కొరకు ఎదురుచూడక, తనవద్ద నున్న ఆధారాలతోనే దక్షిణ దేశపు పక్షుల పట్టికను 1839-40 సంవత్సరాలలో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ప్రకటించారు. అందులో పొరపాట్లున్నవి, పిమ్మట తానే దిద్దుకొన్నారు.

1841లో నీలగిరులలో ఫ్లోరా మాక్లియాడ్‌ను వివాహమాడారు. ఆమెకు పూల మొక్కలయందు, వాటిని చిత్రించుటయందు మక్కువ. ఆ తరువాత కొద్ది కాలానికే ఆయన నెల్లూరికి సివిల్ సర్జనుగా వచ్చారు.

నెల్లూరు ఆయన జీవితంలో ఒక మలుపు. పటాలంతో తిరిగే డాక్టరుకు ఊరు నిలకడ లేదు. సివిల్ సర్జనుకు ఒక జిల్లా ఉంటుంది. అంతకు కొద్ది సంవత్సరాల క్రితమే ఉదయగిరి జాగీరు నవాబుల చేతినుండి కంపెనీ వశమైనది. అడవిని గూర్చి తెలుసుకొనుటకు జెర్డాన్ ఆశ్రయించినది దొరలను గాదు, పండితులనూ గాదు, యానాదులను. పాము జాడ, ఉడుము బొరియ, ఏ తేనె ఏ కొమ్మకు పడుతుందో, ఏ వేరు ఏ విషానికి విరుగుడో తెలిసినవారు వారు. ఊరివారు చులకన చేసిన ఆ జనం దగ్గర కూర్చొని పరదేశపు డాక్టరు శిష్యరికం చేశారు. ఆయన గ్రంథాలు తిరగవేస్తే పక్షి ప్రక్కన శాస్త్రనామంతోపాటు తెలుగు పేరు, తమిళం పేరు, హిందూస్తానీ పేరు కనబడతవి. తెలుగు అధ్యాపకులమైన మాకు ఆ పేర్ల పట్టికయే గొప్ప నిఘంటువుగా తోస్తుంది. మన నిఘంటువులు అనేక పిట్టలకు ఒక పక్షివిశేషమని వ్రాసి చేతులు దులుపుకొన్నవి. ఆయన అట్లు దులుపుకొనలేదు.

ఇక్కడ ఉర్దూ విభాగపు మిత్రులకొక మాట. డేగలను గూర్చి వ్రాసినప్పుడు జెర్డాన్ వేటడేగలను పెంచేవారి విద్యను ఎంతో గౌరవంతో పేర్కొన్నారు. షాహీన్, బహ్రీ, లగ్గడ్, తురుమ్తీ, బాషా, షిక్రా - ఇవన్నీ ఫారసీ, హిందూస్తానీ పేర్లు. ఇక్బాల్ కవితలో ఎగిరే షాహీన్‌యే ఇంగ్లీషు పక్షిశాస్త్రంలోనూ షాహీన్‌గా నిలిచినది. మనమెరిగిన షిక్రాను ఇంగ్లీషులో నేటికీ షిక్రా అనే అంటారు. ఫారసీలో బాజ్‌నామాలని డేగల గ్రంథాలు కలవు. వాటిలో పెంపకం, తరిఫీదులతోపాటు డేగకు వచ్చే జబ్బులు, మందులు కూడా వివరించబడినవి. అడవి ప్రాణికి వైద్యం అన్న ఆలోచన కళాశాలలు రాకముందే మన మధ్య ఉన్నదన్నమాట.

పక్షుల బొమ్మలతో ఆయన ప్రకటించిన సంపుటి 1843-47 మధ్య మద్రాసులో వెలువడినది. ఏబది రంగుల పటాలు. అనేకం గీసినవారు మన దేశపు చిత్రకారులే. ఆ ఈకల నునుపు, ఆ కంటి మెరుపు చూచిన పాశ్చాత్యులు ఆశ్చర్యపడ్డారు.

ఈ కాలపు మరొక ముచ్చట. 1846లో ఆయనకెవరో ఒక బుల్లి అడవిపిల్లి కూనను తెచ్చియిచ్చారు. మనవారు నామాల పిల్లి అంటారు. ప్రపంచంలోని పిల్లి జాతులలో అతి చిన్నవాటిలో ఒకటి. అది మచ్చికై ఇంట్లో ఆడుకొనేది, ఇంటి కప్పు వాసాలమీదికెక్కి ఉడుతలను తరిమేది. ఎనిమిది నెలల వయసులో ఒక జింకపిల్ల ఉన్న గదిలో దానిని విడిచి చూచారు. కనబడిన మరుక్షణం అది ఎగిరి తనకంటె ఎంతో పెద్దదైన ఆ పిల్ల మెడ పట్టినది, విడిపించటం కష్టమైనది. ఆ తరువాత కొద్ది రోజులకే ఆ పిల్లి ఆయనకు దక్కకుండా పోయినది. ఎండిన చెరువుల గడ్డిలోను, ఊరి ప్రక్క కాలువలలోను అది తిరుగుతుందని కూడా ఆయన వ్రాశారు. చూచినవాడు తప్ప చెప్పలేని మాట అది.

ఆయన చేతిలో తుపాకి ఉండేదన్న సంగతి దాచిపెట్టము. ఆనాడు పక్షిని తెలుసుకొనుట యనగా దానిని కాల్చి, చర్మం ఒలిచి, దూదితో నింపుట. ఉదయం ఆసుపత్రిలో ప్రాణం నిలిపిన చేయియే సాయంకాలం ప్రాణం తీసేది. ఇది మాకు నచ్చదు. కాని దుర్భిణులు, కెమేరాలు ఉన్న కాలంలో కూర్చొని ఆయనను నిందించటం సులభం; ఆయన కూడబెట్టిన వివరాలు లేకుంటే ఏ పక్షి తగ్గిపోయినదో చెప్పగల ఆధారం మనకు లేకపోయేది.

నెల్లూరు, కడప సీమల నడుమ నున్న కొండల పొదలలో ఆయనకు దొరకిన ఒక పిట్ట అన్నిటికంటె ప్రసిద్ధమైనది. రొమ్మున రెండు హారాలు వేసికొన్నట్లు రెండు పట్టీలు, పొడుగు కాళ్ళు, రాత్రి చూపునకు తగిన పెద్ద కళ్ళు. అడవి ఉటతిత్తి అని ఈ సీమవారు చెప్పిన పేరును ఆయన వ్రాసికొన్నారు. కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానికి శాస్త్రనామం పెట్టారు. పిమ్మట ఇంగ్లీషువారు జెర్డాన్ పేరుతో పిలిచారు. మనవారు పిలిచేది కలివికోడి. ఆయన పేరు పక్షులకే గాక పాముకు, పునుగుపిల్లికి కూడా పెట్టారు. యానాదుల పేరు మాత్రం వీటిలో దేనికీ లేదు.

నెల్లూరు విడిచిన తరువాత ఆయన మలబారులోని తెల్లిచెర్రిలోను, 1852 తరువాత సాగరు ప్రాంతంలోను పనిచేశారు. చీమలను గూర్చి 1851లో ప్రకటించిన వ్యాసం చిన్నదైనను విలువైనది. ఎగిరి దూకే ఒక చీమకు ఆయన పెట్టిన శాస్త్రనామాన్ని జన్యుశాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాడుతున్నారు. అనారోగ్యంతో డార్జిలింగు చేరి అక్కడా పక్షులనే చూచారు. గవర్నరు జనరల్ కానింగ్ ఆయనను ప్రత్యేకంగా గ్రంథరచనకే నియమించగా, భారతదేశపు పక్షుల గ్రంథం 1862-64లో కలకత్తాలో వెలువడినది. సుమారు పాతికేండ్లు వైద్యం చేసిన మనిషికి తనకిష్టమైన పనికి జీతం దొరకినది అప్పుడే. 1867లో క్షీరద జంతువుల గ్రంథం వచ్చినది. సరీసృపాలు, చేపలు కూడా ముగించి వెన్నెముకగల ప్రాణులన్నిటికీ చేతి పుస్తకాలు ఇవ్వవలెనని ఆయన సంకల్పం. అది తీరలేదు. 1868లో ఉద్యోగ విరమణ చేసినా ఆయన ఇల్లు చేరక అస్సాం అడవులలో తిరిగి జ్వరం తెచ్చుకొన్నారు. 1870లో స్వదేశం వెళ్ళి, 1872 జూన్ 12న లండను సమీపంలోని అప్పర్ నార్వుడ్‌లో కన్నుమూశారు.

కలివికోడి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడలేదు. 1931లో నిజాం రాష్ట్రపు పక్షులను సర్వే చేసిన సాలిం అలీకి కూడా దొరకలేదు. అంతరించినదనే అందరూ అనుకొన్నారు. 1986 జనవరిలో, సాలిం అలీ ఎనభై తొమ్మిదవ ఏట, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా సిద్ధవటం ప్రాంతాన, రెడ్డిపల్లి వద్ద దానిని మరల కనుగొన్నారు. చేతికి తెచ్చియిచ్చినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. నూటనలభై ఏండ్ల తరువాత కూడా శాస్త్రజ్ఞునికి దారి చూపినవాడు అడవి ఎరిగిన పేదవాడే. ఈసారి అతని పేరు నిలిచినది. 1988లో ఆ అడవిని లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. ఈ పిట్ట నివాసాన్ని తప్పించటానికి తెలుగుగంగ కాలువ దారిని సైతం మార్చవలసి వచ్చినది.

ఉదయగిరి చెక్క గరిటెలు మనకు కొత్తవి కావు. దిలావర్ భాయి వీధిలో తరతరాలుగా ముస్లిం కుటుంబాల స్త్రీలు నార్ది, బిక్కి, కలివి కట్టెలతో చెంచాలు, గరిటెలు చెక్కుతున్నారు. ఆ కలివి పొదయే కలివికోడికి పేరిచ్చినది. పగలంతా ఆ పిట్ట పొదల నీడలో కదలక కూర్చుంటుంది. పొద్దు గూకిన తరువాత చెదలను, పురుగులను ఏరుకొని తినటానికి పొదల మధ్య ఖాళీ నేలమీదికి వస్తుంది. అప్పుడు రెండు స్వరాలతో, మరల మరల, కొద్ది నిమిషాలపాటు మాత్రమే కూస్తుంది.