హోలెస్ విల్బర్ ఆలెన్

హోలెస్ విల్బర్ ఆలెన్ (జూలై 12, 1909 - జూన్ 28, 1979) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఆవిష్కర్త. నేడు వేటగాళ్ళు, క్రీడాకారులు విరివిగా వాడుతున్న కాంపౌండ్ విల్లును రూపొందించినది ఈయనే. వేల సంవత్సరాలుగా ఒక బద్ద, ఒక నారి మాత్రమే ఉన్న విల్లుకు కప్పీలను, కేబుళ్ళను చేర్చి దాని స్వభావాన్నే మార్చివేశాడు. ఈ ఆవిష్కరణకు 1969లో అమెరికా పేటెంటు లభించింది.

కాంపౌండ్ విల్లును మిశ్రమ విల్లుగా పొరబడడం తరచుగా జరుగుతుంది. కొమ్ము, కలప, జంతువుల నరాలు అతికించి తురుష్కులు, మంగోలులు, భారతీయులు తయారుచేసినది మిశ్రమ విల్లు. అది ఎంతో ప్రాచీనమైనది. ఆలెన్ విల్లులోని విశేషం అది తయారైన పదార్థంలో లేదు, దానికి అమర్చిన యంత్రాంగంలో ఉంది.

నేపథ్యం

ఆలెన్ మిస్సోరీ రాష్ట్రంలో నివసించాడు. విల్లుతో జింకలను వేటాడడం ఈయనకు ఇష్టమైన వ్యాపకం. బాణం తనను చేరేలోపే వింటినారి చప్పుడుకు జింక బెదిరి తప్పుకోవడం విలువేటగాళ్ళందరికీ అనుభవమే. బాణం వేగం పెరిగితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. కాని మామూలు విల్లులో వేగం కావాలంటే బిగువైన విల్లు కావాలి, బిగువైన విల్లును నిండుగా లాగి గురి చూస్తూ నిలపడం కష్టం. లాగుతున్న కొద్దీ బరువు పెరుగుతుంది. సరిగ్గా గురి చూడవలసిన క్షణంలోనే అది అత్యధికంగా ఉంటుంది. చేయి వణుకుతుంది, గురి తప్పుతుంది. ఆలెన్ పరిష్కరించ పూనుకొన్నది ఈ చిక్కునే.

ఆవిష్కరణ

కప్పీలతో పెద్ద బరువులను తక్కువ బలంతో ఎత్తవచ్చునన్నది పాత సంగతే. బావి గిలకకు మరో రెండు గిలకలు చేర్చితే చేద తేలికవుతుందని లెక్క తెలియనివారు కూడా గ్రహించగలరు. ఆలెన్ ఈ సూత్రాన్ని విల్లుకు అన్వయించాడు. ఒక మామూలు రికర్వ్ విల్లు కొనలను రంపంతో కోసివేసి, ఆ స్థానంలో కప్పీలు బిగించి తొలి నమూనా చేశాడని ప్రతీతి.

అయితే కప్పీలు ఒక్కటే చాలవు. చక్రానికి ఇరుసు సరిగ్గా నడుమ ఉంటే, లాగే దూరానికీ బలానికీ మధ్య నిష్పత్తి మారుతుందే తప్ప, నిండుగా లాగినప్పుడు చేతికి విశ్రాంతి దొరకదు. ఆలెన్ ఇరుసును నడుమ నుండి పక్కకు జరిపాడు. ఇలా కేంద్రం తప్పించిన చక్రం మీద నారికి ఒక దూరం, కేబుల్‌కు మరొక దూరం ఏర్పడతాయి. చక్రం తిరిగే కొద్దీ ఇవి మారుతూ ఉంటాయి. లాగడం మొదలుపెట్టినప్పుడు నారి వైపు మీట పొట్టిగా, కేబుల్ వైపు మీట పొడుగుగా ఉంటుంది. నిండుగా లాగేసరికి ఇది తారుమారవుతుంది. ఫలితంగా బలం మొదట చకచకా పెరిగి, గరిష్ఠ స్థాయిని చేరి, చివరలో ఒక్కసారిగా పడిపోతుంది. ఈ తగ్గుదలను లెట్-ఆఫ్ అంటారు. 60 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్-ఆఫ్ ఉంటే, నిండుగా లాగినప్పుడు వేళ్ళ మీద నిలిచే బరువు 12 పౌండ్లు మాత్రమే. విల్లులో నిలువ ఉన్న శక్తి మాత్రం తగ్గదు. లాగిన దూరమంతటా ప్రయోగించిన బలం మొత్తాన్ని బట్టి ఆ శక్తి ఏర్పడుతుంది కనుక, నడుమ భాగంలో బలం ఎక్కువగా ఉండే ఈ విల్లు, అంతే గరిష్ఠ బరువు ఉన్న పాత విల్లుకంటే ఎక్కువ శక్తిని బాణానికి అందిస్తుంది. ఆలెన్ తొలి విల్లులలో లెట్-ఆఫ్ నేటి స్థాయిలో లేదు.

పేటెంటు, తయారీ

ఆలెన్ 1966లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1969 డిసెంబరులో 3,486,495 సంఖ్యతో పేటెంటు మంజూరయింది. ఈ మధ్యకాలంలో ఈయన పలువురు విల్లు తయారీదారులను సంప్రదించినా ఆదరణ లభించలేదు. చక్రాలు, తీగలు తగిలించిన ఆ వస్తువు వారికి విల్లులాగే కనిపించకపోవడంలో వింత లేదు. కాలిఫోర్నియాలో విల్లులు తయారుచేసే టామ్ జెన్నింగ్స్ మాత్రం దాని విలువను గుర్తించి, ఆలెన్ అనుమతితో వ్యాపార ప్రాతిపదికన తయారీ చేపట్టాడు. కాంపౌండ్ విల్లు జనంలోకి వెళ్ళడంలో జెన్నింగ్స్ పాత్ర ఆలెన్ పాత్రకు తీసిపోదు. ఆలెన్ కూడా మిస్సోరీలోని బిల్లింగ్స్ అనే చిన్న పట్టణంలో ఆలెన్ ఆర్చరీ సంస్థను నెలకొల్పి విల్లులు తయారుచేశాడు.

సంప్రదాయ విలుకాండ్రు ఇది విలువిద్య కాదని ఆక్షేపించారు. వేటగాళ్ళు ఆ వాదనను పెద్దగా పట్టించుకోలేదు. 1970వ దశకం ముగిసేసరికి అమెరికా వేటరంగంలో కాంపౌండ్ విల్లు స్థిరపడిపోయింది. మొదట ముఖం తిప్పుకొన్న పెద్ద సంస్థలు కూడా ఆ తయారీలోకి దిగాయి.

న్యాయ వివాదాలు

గిరాకీ పెరగడంతో పేటెంటు చెల్లుబాటుపైన, రాయల్టీల పైన వివాదాలు తలెత్తాయి. ఆలెన్ ఆర్చరీకి, పలు తయారీ సంస్థలకు మధ్య వ్యాజ్యాలు నడిచాయి. తొలి భాగస్వామి అయిన జెన్నింగ్స్ సంస్థతో కూడా కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. విల్లూ పాతదే, కప్పీ కూడా పాతదే అయినప్పుడు ఆ రెండింటిని కలపడం కొత్త ఆవిష్కరణ అవుతుందా అన్న ప్రశ్న ఇలాంటి పేటెంటుకు ఎదురుకాక తప్పదు. బ్రౌనింగ్ సంస్థతో నడిచిన వ్యాజ్యంలో 1987లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం పేటెంటు చెల్లుతుందని తీర్పు చెప్పింది. అప్పటికి పేటెంటుకు ఉన్న 17 ఏళ్ళ గడువు 1986 డిసెంబరులోనే ముగిసింది. ఆలెన్ మరణించి ఎనిమిదేళ్ళయింది.

మరణం

1979 జూన్ 28న జరిగిన కారు ప్రమాదంలో ఆలెన్ మరణించాడు. అప్పటికి ఆయన వయసు 69 సంవత్సరాలు.

నారి, కేబుళ్ళు

ఆలెన్ మార్పు వల్ల విలుకానికి కొత్తగా ఒక బాధ్యత కూడా వచ్చింది. పాత విల్లుకు పని ఉన్నప్పుడే నారి తగిలించేవారు, పని తీరాక విప్పి పెట్టేవారు. తెలుగులో విల్లు ఎక్కుపెట్టడం అంటే మొదటి అర్థం ఇదే. కాంపౌండ్ విల్లుకు ఎక్కుపెట్టడం, దించడం అంటూ లేవు. అది మూలన ఉన్నా, పెట్టెలో ఉన్నా దాని నారి, రెండు కేబుళ్ళు రాత్రింబవళ్ళు బిగువులోనే ఉంటాయి. లాగినప్పుడు కేబుళ్ళు చక్రాలకు చుట్టుకొంటూ బద్దల కొనలను ఒకదాని వైపు మరొకదాన్ని వంచుతాయి కనుక వాటి మీది బిగువు నారి మీది బిగువుకంటే ఎంతో ఎక్కువ.

తొలి కాంపౌండ్ విల్లులలో చక్రాలకు ఉక్కు కేబుళ్ళు ఉండేవి. వాటి చివర ఉన్న కన్నీటిచుక్క ఆకారపు కొక్కేలకు డాక్రాన్ నారి తగిలించేవారు. కాబట్టి నారి మార్చడం సులభంగానే ఉండేది. ఉక్కు కేబుల్ చక్రం మీద మాటిమాటికి వంగే చోట సన్నని తీగలు ఒక్కొక్కటే తెగి ముళ్ళలా పైకి లేచేవి. అది కేబుల్ మార్చవలసిన సమయానికి సూచన. 1980వ దశకం నుండి అధిక బలం గల పాలిథిలిన్ పోగులు వాడుకలోకి వచ్చి క్రమంగా ఉక్కును తొలగించాయి. ఈ పోగులు తేలికైనవి, బలమైనవి. అయితే నిరంతర బిగువు కింద కొద్దికొద్దిగా సాగుతాయి. వెక్ట్రాన్ పోగులు కలిపినప్పుడు ఈ సాగుడు తగ్గుతుంది.

సాగిన నారి తెగేదాకా ఆగదు, ముందే గురిని చెడగొడుతుంది. ఒక కేబుల్ రెండోదానికంటే ఎక్కువ సాగితే పై చక్రం, కింది చక్రం ఒకేసారి తిరగవు. బాణం వెనుక కొన నిటారుగా ముందుకు పోక పైకో కిందికో ఊగుతుంది. విలుకాడు తన చేతిలో లోపముందనుకొంటాడు, లోపం కేబుల్‌లో ఉంటుంది. పోగులు నూగులేవడం, ఒక్క పోగైనా తెగడం, నారికి చుట్టిన రక్షణ దారం విడిపోయి లోపలి పోగులు కనబడడం అరుగుదలకు గుర్తులు. నూగు కొద్దిగా ఉన్నప్పుడు మైనం రుద్దితే సరిపోతుంది. పోగు తెగితే మాత్రం ఆ విల్లును లాగరాదు. క్రమం తప్పక సాధన చేసేవారు సాధారణంగా రెండు మూడేళ్ళకొకసారి నారిని, కేబుళ్ళను కలిపి మారుస్తారు. పాతదానితో కొత్తదాన్ని జతచేస్తే రెండూ వేర్వేరుగా సాగుతాయి.

మార్చడానికి ముందు రెండు ఇరుసుల మధ్య దూరం, పట్టు నుండి నారికి ఉన్న దూరం, లాగే బరువు కొలిచి రాసుకోవాలి. ఆ తరువాత విల్లును ప్రెస్ అనే బిగింపు యంత్రంలో పెట్టి బద్దలను నొక్కితే నారి వదులవుతుంది. ఆయా విల్లుకు తగిన ప్రెస్ లేకుండా ఈ పని చేయబూనడం ప్రమాదకరం. వంగి ఉన్న బద్ద జారితే చేతివేళ్ళు నలిగిపోతాయి. కేబుళ్ళు ఏ గాడిలో, ఏ పక్కగా పోతున్నవో చూసుకొని కొత్తవాటిని అదే దారిలో వేయాలి. ప్రెస్ వదలిన తరువాత కొలతలు తేడాగా వస్తే మెలికలతో సరిచేస్తారు. మెలిక వేస్తే కేబుల్ కురచవుతుంది, విప్పితే పొడవవుతుంది. చక్రాలు రెండూ కలిసి తిరుగుతున్నట్లు నిర్ధారించుకొన్నాకే గురిచూసే పీప్ రంధ్రాన్ని, బాణం తగిలించే ముడిని అమరుస్తారు. కొత్త నారి మొదటి కొన్ని పదుల బాణాల వరకు కుదురుకోదు కనుక ఆ తరువాత మళ్ళీ కొలవాలి.

తదనంతర పరిణామాలు

ఆలెన్ గుండ్రని చక్రాల స్థానంలో క్రమంగా కోడిగుడ్డు ఆకారపు కామ్‌లు వచ్చాయి. 1990వ దశకంలో ఒకే కామ్ గల విల్లులు ప్రాచుర్యం పొందాయి. చక్రాల సమన్వయం తప్పే సమస్యను తగ్గించడం వీటి ఉద్దేశం. ఆకారాలు ఎన్ని మారినా కేంద్రం తప్పిన ఇరుసు మాత్రం అలాగే ఉంది.

1995లో జకార్తాలో జరిగిన ప్రపంచ విలువిద్య పోటీలలో కాంపౌండ్ విభాగానికి చోటు లభించింది. అంతర్జాతీయ పోటీలలో విల్లు గరిష్ఠ బరువు 60 పౌండ్లకు పరిమితం. ఆసియా క్రీడలలో ఈ విభాగం 2014లో ఇంచియాన్‌లో ప్రవేశించగా భారత పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో కాంపౌండ్ విభాగంలోనే వ్యక్తిగత, మహిళా జట్టు, మిశ్రమ జట్టు స్వర్ణాలు మూడింటినీ సాధించింది. ఒలింపిక్స్‌లో రికర్వ్ విల్లుకు మాత్రమే స్థానం ఉండేది. 2028 లాస్ ఏంజలెస్ క్రీడలలో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని చేర్చడానికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది.