కొవ్వు బుడగలో గుట్టు విప్పిన డాక్టరు

మీరు మింగిన మాత్ర రక్తంలోకి చేరాలన్నా, తర్వాత బయటికి పోవాలన్నా చాలావరకు కణాల పొరలు దాటాలి. ఆ పొరల్లో కాపలాదారుల్లాంటి ప్రొటీన్లుంటాయి. వాటిని విడిగా తీసి, కృత్రిమ కొవ్వు బుడగల్లో అమర్చి పరీక్షించడానికి బాట వేసినవారిలో ముఖ్యుడు ఎఫ్రాయిమ్ రాకర్.

1913లో పుట్టిన రాకర్ వియన్నాలో పెరిగి, అక్కడే 1938లో వైద్యపట్టా పొందారు. ఆ ఏడాదే నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించారు. యూదుడు కావడంతో బ్రిటన్‌కు, అక్కడినుంచి అమెరికాకు వెళ్లారు. న్యూయార్క్ హార్లెమ్ ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేశాకే పూర్తిగా పరిశోధన వైపు మళ్లారు.

కణాలకు ఇంధనమైన ఏటీపీ ఎలా తయారవుతుందన్నది అప్పట్లో పెద్ద వివాదం. (ఈ ఏటీపీని 1929లో తొలిసారి వేరుచేసినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.) పొరకు ఒకవైపు హైడ్రోజన్ అయాన్లు పోగుపడి, తిరిగి ప్రవహించేటప్పుడు ఏటీపీ పుడుతుందని పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించారు. చాలామంది నమ్మలేదు.

మీ వంటనూనె నీళ్లలో విడిగా తేలుతుంది. ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు మాత్రం తనంతట తానే బుడగలుగా చుట్టుకుంటుంది. 1974లో రాకర్, వాల్తేర్ స్టోకేనియస్ సోయా ఫాస్ఫోలిపిడ్ బుడగల్లో రెండే ప్రొటీన్లు పెట్టారు. ఒకటి ఉప్పునీటి సూక్ష్మజీవిది, వెలుగు పడితే అయాన్లను తోడుతుంది. రెండోది పశువు గుండెలోంచి తీసిన, ఏటీపీ తయారుచేసే ప్రొటీన్. ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేదు. అయినా దీపం వెలిగించగానే ఏటీపీ పుట్టింది! రెంటినీ కలిపింది అయాన్ల ప్రవాహమే. 1978లో మిచెల్‌కు నోబెల్ వచ్చింది. నన్నడిగితే, అందులో రాకర్‌కూ వాటా ఉండాల్సింది.

ఇలాంటి బుడగలతోనే ఇప్పుడు మందుల మధ్య గొడవలనూ పరీక్షిస్తున్నారు. గుండెజబ్బుకు వాడే డిగాక్సిన్‌ను పేగుల్లోంచి, మూత్రపిండాల్లోంచి బయటికి నెట్టే ప్రొటీన్ పేరు పీ-గ్లైకోప్రొటీన్. బీపీకి వాడే వెరాపమిల్, యాంటీబయాటిక్ అయిన క్లారిత్రోమైసిన్ దాన్ని అడ్డుకుంటాయి. డిగాక్సిన్ రక్తంలో పేరుకుంటే వాంతులవుతాయి, గుండె లయ తప్పుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు డిగాక్సిన్ వాడుతుంటే, జలుబు జ్వరానికి వెళ్లినా ఆ చీటీ డాక్టరుకు చూపించండి.

రాకర్‌కు వృద్ధాప్యంలో పెద్ద దెబ్బ తగిలింది. 1981లో ఆయన ల్యాబ్‌లోని ఒక విద్యార్థి క్యాన్సర్ ఫలితాలు నకిలీవని తేలింది. రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఉండాల్సిన చోట అయోడిన్ దొరికింది. రాకర్ దాచలేదు, పరిశోధన పత్రాన్ని తానే ఉపసంహరించుకున్నారు. చివరిదాకా బొమ్మలు గీస్తూ, ల్యాబ్‌లో పనిచేస్తూ 1991లో కన్నుమూశారు.